మినుములు నూర్చిన పెళ్లికారు

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళడం కూడా ఒక యాత్రేనా అని మీరు నవ్వచ్చు. నవ్వండి. రైలెక్కితే వేరుశనక్కాయల పొట్లం అయిపోయేలోపు దిగిపోవచ్చు. బస్సెక్కితే ఒక కునుకు దూరం. కానీ మా ఆయన కారులో వెళ్తే మాత్రం అది యాత్రే. కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు కూడా దారిలో ఇంతమందిని పలకరించి ఉండరు, ఇన్ని సలహాలు మూటగట్టుకుని వచ్చి ఉండరు. మీరెలాగూ ఆ కారెక్కే అవకాశం లేదు, ఎక్కమని నేను శాపం కూడా పెట్టను. అందుకే రాస్తున్నాను.

ముందు పని ఏమిటో చెప్తాను. మా ఆయన పేరు ప్రభాకర్. ఆయన అక్క కరుణ వదిన గూడెంలో నర్సుగా చేసి రిటైరైంది. చిన్నప్పుడే తల్లి పోతే ఈయన్ని చంకనేసుకుని పెంచింది, చదివించింది, చివరికి నాకు అంటగట్టింది. అయినా ఆవిడంటే నాకు కోపం లేదు. తన పెళ్లి మాట ఎవరెత్తినా "ఇప్పుడు కాదులే" అంటూ అన్నేళ్ళు గడిపేసిన మనిషికి ఇప్పుడు, ఈ వయసులో, సంఘం పెద్దలు ఒక సంబంధం కుదిర్చారు. కొల్లేటి లంకలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన దేవదానం గారు. భార్య పోయారు. ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరికీ పెళ్ళిళ్ళయిపోయాయి, ఇద్దరికీ ఈ పెళ్లి సుతరామూ ఇష్టం లేదు.

పెళ్లి మంగళవారం. మర్నాడు బూడిద బుధవారం. ఆ రోజు మొదలు ఈస్టరు దాకా శ్రమల కాలం, మా చర్చిల్లో పెళ్ళిళ్ళు చెయ్యరు. మంగళవారం తప్పిందంటే ఆ నలభై రోజులూ కూతుళ్ళిద్దరూ తండ్రి చెవిలో ఏం పోస్తారో నేను వేరే చెప్పాలా? అక్కడి పాస్టరుగారు ఫోనులో తేల్చి చెప్పేశారు. "అమ్మా, మంగళవారం సాయంత్రంలోపు మీరు పెళ్లికూతుర్ని తీసుకురండి. ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు."

కాబట్టి మేం చెయ్యాల్సింది చాలా చిన్న పని. సోమవారం గూడెం వెళ్ళాలి, మంగళవారం వదినని లంకలో దింపాలి. చిన్నపిల్లలు కూడా చేస్తారు. కానీ వెళ్ళింది మేము.

ఏలూరు

"అద్దె కారు మాట్లాడదామండీ" అన్నాను.

"మన కారుండగా మా అక్కని అద్దె కారులో పంపిస్తానా?" అన్నారాయన, నేనేదో ఎడ్లబండి కట్టమన్నట్టు.

మన కారు మా పెళ్లికి ఒకటి రెండేళ్ళు చిన్నది. కొన్నప్పుడు తెలుపు. ఇప్పుడు దాని రంగేమిటో ఆర్టీవో ఆఫీసు వాళ్ళు కూడా ఊహించి రాసుకోవాల్సిందే. దాని గురించి చెడ్డగా మాట్లాడితే ఆయన అన్నం మానేస్తారు కాబట్టి ఇంట్లో ఎవరం మాట్లాడం. బయల్దేరే ముందు టైర్లు తన్ని చూశారు, అద్దం తుడిచారు, ప్రార్థన చేశారు. బానెట్టు మాత్రం ఎత్తలేదు. దేవుడి మీద అంత నమ్మకం.

హైవే ఉంది కదా, వెడల్పుగా, నున్నగా. అందరూ అటే పోతారు. ఈయన భీమడోలు దగ్గర కాలవ గట్టు రోడ్డులోకి తిప్పారు. "హైవే మీద స్పీడుకి ఇంజనుకి శ్రమ సుశీలా. గట్టు మీదైతే చల్లగా పోవచ్చు."

గట్టు మీద మాకు ఎదురైన చల్లదనం ఎలాంటిదో చెప్తాను వినండి.

కాలవ గట్టు

మా డెల్టాలో వరి కోశాక వేసిన మినుము ఈ రోజుల్లోనే చేతికొస్తుంది. కోసిన మొక్కల్ని కళ్ళానికి మోసుకెళ్ళడం పాత పద్ధతి. ఇప్పుడు తారు రోడ్డు మీదే మందంగా పరిచేస్తారు. వచ్చేపోయే బండ్లు తొక్కుతాయి, కాయ పగులుతుంది, గింజ రాలుతుంది. రోడ్డు ప్రభుత్వానిది, పెట్రోలు మీది, మినప్పప్పు వాళ్ళది. నేను తప్పు పట్టడం లేదు, వాళ్ళ తెలివికి దండం పెడుతున్నాను.

తెలివైన డ్రైవర్లు హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి దూసుకుపోతారు. మా ఆయనకి మొహమాటం. మెల్లగా, గౌరవంగా, మధ్యలోంచి పోనిచ్చారు. మొదటి చోటే ఒక పెద్దావిడ చీపురు పట్టుకుని ఎదురొచ్చింది.

"బాబుగారూ, మీ బండి బరువుగా బాగుందండీ. ఏమనుకోకపోతే కాస్త వెనక్కొచ్చి, ఆ పక్కగా ఇంకొక్కసారి పోనిస్తారా? ఆ పక్కది సరిగ్గా నలగలేదండి."

"ఆయ్, దానికేముందండీ" అన్నారు మా ఆయన.

వెనక్కొచ్చారు. ఆ పక్కగా పోనిచ్చారు. ఈ పక్కగా కూడా పోనిచ్చారు. అక్కణ్ణించి ఇంకో అరమైలు పోతే ఆవిడ తోడికోడలు. ఆ పైన వాళ్ళ ఊరి సర్పంచి గారి పాలికాపు. అందరికీ ఒకటే మాట, "దానికేముందండీ." మా ఏలూరు వీధిలో పక్కింటాయన అరిటితొక్క మీద కారెక్కినందుకే మూడు రోజులు మాటల్లేవు. ఇక్కడ పంట మీద కారెక్కిస్తే దండాలు పెట్టి, జామకాయలు కోసిచ్చి, "మళ్ళీ రండి బాబూ" అని సాగనంపారు. కారు కింద నుంచి పొట్టూ దుమ్మూ మేఘంలా లేచింది. నా నోట్లో, తల్లో, జామకాయ మీద, అంతా మినప్పొట్టే.

"ఎంత మంచివాళ్ళో చూశావా?" అన్నారాయన.

"చూశానండి. కూలి కూడా ఇచ్చుంటే ఇంకా మంచివాళ్ళు."

ఉంగుటూరు దగ్గర

మళ్ళీ హైవే ఎక్కి కాస్త స్పీడు అందుకున్నామో లేదో, ఇంజను వేడి చూపించే మీటర్లో ముల్లు పైకి ఎగబాకడం మొదలెట్టింది. ఆయన దాన్ని చూడనట్టు నటించారు. నేను చూసినట్టు దగ్గాను. ఉంగుటూరు దగ్గర బానెట్టు సందుల్లోంచి ఆవిరి వచ్చేసరికి ఇక నటించడానికి ఏమీ మిగల్లేదు.

ఒక టీకొట్టు ముందు ఆపారు. ఆపీ ఆపగానే బానెట్టెత్తి, తువ్వాలు చుట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేశారు.

"ఏవండీ! కుక్కరు కూస్తుండగా మూత తీస్తారా ఎవరైనా? మొహం కాల్చుకుని పెళ్లికి వస్తారా?" అని నేనరిచిన అరుపుకి టీకొట్టాయన గ్లాసులు వదిలి పరిగెత్తుకొచ్చాడు. ఇంజను ఆపేశాం. చల్లారేదాకా కూర్చోవాలి. అందులోనూ సలహాలు లేకుండా కూర్చోవడం మన జిల్లాలో కుదరదు.

ఏలూరులో రోడ్డు మధ్య కారు ఆగితే వెనకాల హారన్లు కొడతారు. ఇక్కడ కుర్చీలు వేస్తారు. పది నిమిషాల్లో మా కారు చుట్టూ ఒక గ్రామసభ ఏర్పడింది. ఆటో ఆయన వాటర్ పంపు పోయిందన్నాడు. స్కూటరు మీద వచ్చిన ఒక పెద్దమనిషి, "థర్మోస్టాట్ పీకించెయ్యండి. అది చలిదేశాల వాళ్ళకండి, మన ఎండలకి దాంతో పనేంటి?" అన్నారు. పాలు తెచ్చిన మనిషి రేడియేటర్ మూతలో రబ్బరు వాషరు మెత్తబడిందన్నాడు. ఒకావిడ ప్రార్థన చేద్దామని బానెట్టు మీద చెయ్యి వేసి, కాలి, "ప్రభువా" అని చటుక్కున తీసేసుకుంది. అది మాత్రం మనస్ఫూర్తిగా వచ్చిన ప్రార్థన.

వీళ్ళందరిలో కాస్త పనికొచ్చే మాట అన్నది టీకొట్టాయనే. ఇంజను ఆయిల్లో ముంచే కడ్డీ తీసి చూశాడు. "పాలు కలిసిన టీలా ఉంటే హెడ్డు గాస్కెట్ పోయినట్టండి, నీళ్ళూ ఆయిలూ కలిసిపోయినట్టు. ఇది డికాషన్‌లాగే నల్లగా ఉంది. మీ ఇంజను బతికే ఉందండి" అన్నాడు. టీకి డబ్బులివ్వబోతే, "కారు చెడిపోయినవాళ్ళ దగ్గర తీసుకోనండి" అన్నాడు. ఆ లెక్కన మా ఆయన జన్మలో టీకి డబ్బులివ్వక్కర్లేదు.

చల్లారాక నీళ్ళు పోశాం. గతుకుల రోడ్డు మీద వెళ్ళినట్టు మెల్లగా, చక్కటి హైవే మీద వెళ్ళాం. సైకిళ్ళు మమ్మల్ని దాటిపోయాయి. వాటిలో ఒకటి రెండు మమ్మల్ని చూసి జాలిపడ్డాయి కూడా.

తాడేపల్లిగూడెం

గూడెంలో మెకానిక్ మా కారుని చూసి, లుంగీ సవరించుకుని, చాలా పెద్దరికంగా తల పంకించాడు. మూత మార్చాడు. బెల్టు బిగించాడు. ఒక గొట్టానికి కొత్త క్లిప్పు వేశాడు. ఫ్యాను తిరుగుతోందా అని చూశాడు, తిరుగుతోంది. నీళ్ళు తీసేసి పచ్చటి కూలెంటు పోశాడు. ఆ తర్వాత ఇంజను స్టార్టు చేసి, తన షెడ్డు ముందే, నీడలో, కదలకుండా నిలబెట్టి చాలాసేపు ఉంచాడు.

"చూశారా అండీ? ముల్లు కదల్లేదు. మీ బండికి ఏమీ లేదు."

నిలబెడితే ఏమీ లేదండి. నన్ను కూడా నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఎవరూ పలకరించకపోతే నాకూ ఏమీ ఉండదు. ఆ మాటే అన్నాను. ఇద్దరు మగవాళ్ళూ నవ్వి ఊరుకున్నారు.

అక్కణ్ణించి తిన్నగా అక్కగారింటికి వెళ్తారా? ఉల్లిపాయల మార్కెట్టులోంచి తీసుకెళ్ళారు. ఏలూరులో కిలో ముప్ఫై, ఇక్కడ పద్దెనిమిదట. పెళ్లికి పోతూ అరబస్తా ఉల్లిపాయలు కొని డిక్కీలో వేశారు. పెళ్లికారులో మల్లెపూల వాసన రావాలని ఎక్కడా రాసిపెట్టి లేదు కదా.

వదిన మాకు వంకాయ ఎండురొయ్యల కూర చేసిపెట్టింది. ఇల్లంతా సర్దేసింది, గోడ మీద క్యాలెండరు కూడా తీసేసింది. అక్కాతమ్ముళ్ళిద్దరూ అరుగు మీద కూర్చుని, ఈయన చిన్నప్పుడు మిద్దె మీంచి పడ్డ కథ మొదలుపెట్టారు. ఆ కథ నాకు కంఠతా వచ్చు. ఎడంచెయ్యి విరగడం దగ్గర నేను పడుకున్నాను.

పొద్దున్న లేచి చూస్తే పెళ్లికూతురు కారు చుట్టూ వాకిలి ఊడుస్తోంది. "ఈ రోజు కూడా నువ్వే ఊడవాలా వదినా?" అంటే, "రోజూ ఊడ్చేదే కదా" అంది.

పిప్పర మీదుగా

పెళ్లికూతురు తెల్లటి పట్టుచీరలో వెనక సీట్లో కూర్చుంది. పక్కన నేను, నా ఒళ్ళో కేకు. పెళ్లికూతురికి చెమట పట్టకూడదని ఆయన ఏసీ వేశారు. ఎన్నాళ్ళకో వేశారు, దాంట్లోంచి మొదట వచ్చింది చలిగాలి కాదు, సాలెపురుగు.

పిప్పర రాకుండానే ముల్లు లేచింది.

ఏసీ ఆపేశారు. అద్దాలు దింపారు. ముల్లు కాస్త తగ్గి, మళ్ళీ లేచింది. ఊళ్ళలోంచి మెల్లగా పోతున్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది. ఊరు దాటి కాలు నొక్కితే చాలు, ఎగబడుతుంది. చెట్టు నీడ కనపడితే ఆపాలి, చల్లారాలి, నీళ్ళు పోయాలి, మళ్ళీ కదలాలి. పాస్టరుగారు ఫోను. "ఎంతవరకు వచ్చారమ్మా?" "వచ్చేశామండీ, దగ్గర్లోనే ఉన్నాం" అన్నాను. దేనికి దగ్గర్లో ఉన్నామో నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

అప్పుడు మా ఆయనకి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. "సుశీలా, హీటరు వేస్తే ఇంజనులో వేడంతా లోపలికి వచ్చేస్తుంది. ఇంజను చల్లబడుతుంది."

"మరి మనమో?"

"కాస్త ఓర్చుకోవాలి."

నిజంగానే వేశారు. ఎండలో, పట్టుచీరల మీద, కేకు మీద, ఇనప కొలిమిలాంటి గాలి వదిలారు. ముల్లు దిగిన మాట నిజమే, అబద్ధమాడను. కానీ వదిన పౌడరు మెడ మీదికి కారింది, కేకు మీద గులాబీలు ఒక పక్కకి వాలిపోయాయి, నేను బైబిల్లో ఉన్న అగ్నిగుండాల గురించి చాలా లోతుగా ఆలోచించాను. ఇంత జరుగుతున్నా వదిన మాత్రం నవ్వుతూనే ఉంది. ఆగిన చోటల్లా దిగి, తమ్ముడితో కల్వర్టు మీద కూర్చుని కబుర్లు చెబుతుంది. ఒకచోట కొబ్బరిబొండాలు తాగారు. ఇంకోచోట చెరుకుగడ విరుచుకున్నారు. పెళ్లి తప్పిపోతోందని కంగారు పడుతున్నది నేనొక్కదాన్నే. వాళ్ళిద్దరూ పిక్నిక్కుకి వచ్చారు.

"వదినా, మధ్యాహ్నం దాటిపోతోంది. ఆయన కూతుళ్ళు గుమ్మంలో నిలబడి మనం రాకూడదని చూస్తుంటారు. నీకు భయం లేదూ?"

"ఉంది" అంది వదిన, ఇంకో చెరుకు ముక్క కొరుకుతూ.

గణపవరం దాటాక

ఆకివీడు వైపు తిరిగాక వరి పోయి చెరువులు వస్తాయి. ఎటు చూసినా నీళ్ళు, వాటి మీద నీళ్ళకి గాలి పట్టించే చక్రాలు తిరుగుతూ నురగ రేపుతుంటాయి. అక్కడ, ఒక చెరువు గట్టు పక్కన, మా కారు మరి కదలనని మొరాయించింది. ఆవిరి ఈసారి పక్క ఊరికి కూడా కనపడి ఉంటుంది.

చెరువు కాపలాదారు సూరిబాబు అనే ఆయన గుడిసెలోంచి వచ్చాడు. మా ఆయన బకెట్టడిగారు. సూరిబాబు ఇవ్వబోయి ఆగాడు.

"ఈ నీళ్ళు పొయ్యకండి. ఇది రొయ్యల చెరువండి, ఉప్పుంటది. మీ ఇంజను తుప్పు పట్టిపోద్ది. రోడ్డుకి అవతల చేపల చెరువుందండి, అది మంచినీళ్ళండి. ముందు పూర్తిగా చల్లారనివ్వండి. మా రొయ్యలక్కూడా ఒక్కసారిగా నీళ్ళు మారిస్తే చచ్చిపోతాయండి."

ఆ తర్వాత ఆయన కూడా కారు చుట్టూ తిరిగి తన వంతు రోగం చెప్పాడు. మా ఆయన వినయంగా విన్నారు. అక్కడా "ఆయ్, అంతేనండి" అన్నారు. ఇద్దరూ థర్మోస్టాట్ గురించి చర్చ మొదలుపెట్టారు. సూర్యుడు పడమటికి తిరిగాడు. పాస్టరుగారు మళ్ళీ ఫోను చేసి, ఈసారి "దగ్గర్లోనేనా?" అని మాత్రం అడిగారు, ఆ గొంతు నాకు నచ్చలేదు. వెనకాల ఒక ఆడగొంతు, "రారండీ వాళ్ళు" అనడం వినిపించింది.

అప్పటికి ఇంజను చల్లారింది. నేను మాత్రం చల్లారలేదు.

అవతల చెరువులోంచి తెచ్చిన నీళ్ళ బకెట్టు అక్కడే ఉంది. దాన్నెత్తి, నీళ్ళన్నీ ఆ కారు మొహాన కొట్టాను. నంబరు ప్లేటు మీదా, దాని పైన జాలీలోకీ, ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. "ఒక్కరోజు! జన్మకొక్కరోజు సరిగ్గా నడిచి చావలేవా!" అన్నాను. ఇంకా ఏమన్నానో రాయను, మా పాస్టరుగారు కూడా చదువుతారు.

కారు కింద నుంచి నల్లటి గుజ్జు కారింది.

ముగ్గురం వంగి చూశాం. ఇడ్లీ పిండిలో మసి కలిపినట్టుంది. వేళ్ళతో నలిపితే మినప్పొట్టు. సూరిబాబు టార్చి తెచ్చి లోపలికి వేశాడు. ముందు కనపడే పలక ఏసీదట, అది శుభ్రంగానే ఉంది. దాని వెనక రేడియేటరు. ఆ రెంటికీ మధ్యన ఉన్న సందులో పొట్టూ, దుమ్మూ, పురుగులూ కలిసి కంబళిలా అతుక్కుపోయాయి. గాలి దూరే చోటే లేదు. కారు నిలబడి ఉన్నప్పుడు పెద్ద వేడి పుట్టదు కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చేది. పరిగెడితే ఊపిరాడక ఉడికిపోయేది. ఇంతమంది పైనుంచి బానెట్టెత్తి ఇంజనులో తలలు పెట్టారుగానీ, ముందు నుంచి వంగి చూసిన పాపాన ఎవరూ పోలేదు.

థర్మోస్టాట్ కాదు, వాటర్ పంపు కాదు, గాస్కెట్ అంతకన్నా కాదు. మా ఆయన మొహమాటం. "ఒక్కసారి ఆ పక్కగా పోనివ్వండి బాబూ" అంటే పోనిచ్చినందుకు కట్టిన మూల్యం. లోకంలో ఏ మెకానిక్కూ దానికి స్పేరు పార్టు అమ్మడు.

సూరిబాబు మంచినీళ్ళ మోటారు గొట్టం లాక్కొచ్చాడు. ఇంజను వైపు నుంచి బయటికి, మెల్లగా, రేడియేటరు రేకులు వంగకుండా నీళ్ళు పట్టమన్నాడు. మా ఆయన ప్యాంటు మడిచి పని మొదలెట్టారు. పొట్టు బయటికొస్తోంటే, "నేను మొదట్నించీ అనుకుంటూనే ఉన్నాను, గాలి సరిగ్గా ఆడట్లేదని" అంటున్నారు. నేను పోట్లాడలేదు. ఓపిక లేదు.

వదిన పక్కన కూర్చున్నాను. "ముప్ఫై ఏళ్ళు రోగుల్ని చూసినదానివి కదా వదినా. ఎవరికి దేనివల్ల ఆయాసమో మొహం చూసి చెప్పేదానివి. నీకైనా తట్టలేదా?"

వదిన చీర కొంగుతో మెడ తుడుచుకుంది. "పొద్దున్న కారు కింద ఊడిస్తే చేటెడు పొట్టొచ్చింది సుశీలా. వంగి చూశాను. అప్పుడే తెలిసింది."

"తెలిసీ చెప్పలేదా?"

"చెప్తే తొందరగా వెళ్ళిపోతాం కదా."

నేను ఆవిడ వైపు తిరిగాను. "ఈ పెళ్లి ఇష్టం లేదా నీకు? ఇప్పుడు చెప్పు. నేను చూసుకుంటాను."

"అయ్యో, అదేం లేదు. ఆయన మంచివారు. వెళ్ళాలనే ఉంది." కాసేపు తమ్ముడి వైపు చూసింది. ఆయన మోకాళ్ళ దాకా బురద పూసుకుని, గొట్టంతో కుస్తీ పడుతున్నారు. "తొందరగా వెళ్ళాలని లేదు, అంతే. వాడితో ఇంతసేపు కూర్చుని ఎన్నేళ్ళయిందో."

కేకు డబ్బా తీసి మళ్ళీ సర్దాను.

ఆకివీడు, ఆపైన లంక

కారు ఎంత బాగా నడిచిందో చెప్తే మీరు నమ్మరు. ఏసీ వేశాం, చల్లగా వచ్చింది. ముల్లు సగంలో నిలబడి కదల్లేదు. ఆకివీడులో ఐసు పెట్టెలు ఎక్కించుకుంటున్న చేపల లారీలని కూడా దాటేశాం. ఆగడానికి ఏ కారణమూ లేదు, అందుకని ఎక్కడా ఆగలేదు. ముందు సీట్లో ఆయన, వెనక ఆవిడ, ఇద్దరూ రోడ్డునే చూస్తున్నారు. రెండు రోజులుగా ఈ కారు బాగుపడితే చాలు దేవుడా అని మొక్కినదాన్ని నేనే. ఇప్పుడు కాస్త పొగ రాకూడదా అనిపించింది.

లంకలో చర్చి ముందు ఇద్దరు కూతుళ్ళూ నిలబడి ఉన్నారు. పెద్దమ్మాయి గడియారం చూసుకుంది. వదిన కారు దిగింది. జుట్టులో పొట్టు, మెడ మీద పౌడరు చారలు, తెల్లచీర అంచున చెరువు బురద. వీళ్ళకి కావలసిందే దొరికింది అనుకున్నాను.

చిన్నమ్మాయి చరచరా వచ్చింది. వదిన వైపు కాదు, నా వైపు.

"ఏంటండీ ఇది? పెళ్లికూతుర్ని ఇలాగేనా తీసుకొచ్చేది? ఆడపెళ్ళివారికి కాస్తయినా శ్రద్ధ ఉండక్కర్లేదా?" అని నన్ను దులిపేసింది. దులిపేసి వదిన చెయ్యి పట్టుకుంది. "మీరు రండి. అక్కా, వేణ్ణీళ్ళు పెట్టు. నా చీరొకటి తియ్యి, ఆ తెల్లది" అంటూ పక్కనే ఉన్న వాళ్ళింట్లోకి లాక్కెళ్ళిపోయింది. పెద్దమ్మాయి ఒక్కక్షణం నిలబడి, వేణ్ణీళ్ళకి వెళ్ళింది. వదిన ఒళ్ళంతా మెరిసిపోతూ దిగి ఉంటే ఆ అమ్మాయిలు గుమ్మం దగ్గరే నిలబడి కొలత వేసేవారని నా అనుమానం. అయ్యో అనిపించే మనిషిని గుమ్మంలో నిలబెట్టడం మనవాళ్ళ వల్ల కాదు.

అక్క చెయ్యి పట్టుకుని మా ఆయనే వేదిక దాకా నడిపించారు. దేవదానం గారు చొక్కా పై బొత్తాం కూడా పెట్టుకుని, పరీక్ష రాసే కుర్రాడిలా నిలబడ్డారు. పాస్టరుగారు ప్రసంగం చాలా కుదించారు, ఈ ప్రయాణం వల్ల ఊరికి జరిగిన మేలు అదొక్కటే.

విందులో ఏలూరు పెళ్ళిళ్ళలాగా చిప్సూ సమోసా కాదు. కొరమీను పులుసు, రొయ్యల వేపుడు, వేడన్నం. వడ్డించేవాళ్ళు "ఇంకొక్క ముక్కండి" అంటూ అన్నం మీద చెయ్యి అడ్డం పెట్టినా సందులోంచి వేసేస్తారు. వాలిపోయిన గులాబీల కేకు కూడా కోశారు. బాగుందన్నారు. లంకవాళ్ళ మర్యాద అలాంటిది.

తిరుగు దారి

మర్నాడు పొద్దున్న చర్చిలో నుదుటి మీద బూడిద పెట్టించుకుని బయల్దేరాం. వదిన గేటు దాకా వచ్చింది. చిన్నమ్మాయి ఇచ్చిన తెల్లచీరలోనే ఉంది. అక్కాతమ్ముళ్ళు ఏవో కన్నీళ్ళు పెట్టుకుంటారేమో అని నేను పక్కకి తప్పుకున్నాను. ఏమీ లేదు. "మెల్లగా వెళ్ళరా" అంది ఆవిడ. "ఆఁ" అన్నారీయన. అంతే. వచ్చి కారెక్కారు.

కైకలూరు మీదుగా కొల్లేరు మధ్యలోంచి ఏలూరు దారి. రెండు పక్కలా నీళ్ళు, గూడబాతులు గుంపులు గుంపులుగా తేలుతున్నాయి. గాలి చల్లగా కొడుతోంది. కారు దివ్యంగా నడుస్తోంది. ముల్లు సగంలో ఉంది, నేను చూస్తూనే ఉన్నాను.

కొల్లేరు నడిమధ్యలో ఆయన ఉన్నట్టుండి కారు పక్కకి ఆపారు. దిగారు. బానెట్టెత్తి, దాని కింద తలపెట్టి నిలబడ్డారు.

కాసేపు చూశాను. రాలేదు. నేనూ దిగి వెళ్ళాను. ఇంజను హాయిగా ఉంది, గొట్టాలు పొడిగా ఉన్నాయి. ఆయన రెండు చేతులతో రేడియేటరు పక్క కడ్డీని పట్టుకుని, లోపలికే చూస్తున్నారు. భుజాలు కదులుతున్నాయి.

"ఏమైందండీ?"

"చూస్తున్నాను" అన్నారు.

నీళ్ళ సీసా తెచ్చి, మూత తీసి, ఆయన పక్కన పట్టుకుని నిలబడ్డాను.

టీవీఎస్ మీద చేపల బుట్ట కట్టుకుని పోతున్న ఒకాయన మమ్మల్ని చూసి ఆగాడు. కాలు కింద పెట్టి, మెడ సాచి, సలహాకి సిద్ధమైపోయాడు.

"వేడెక్కిపోయిందా అండీ?"

ఆయన తల ఎత్తలేదు. నేను ఒకడుగు పక్కకి జరిగి, ఆయన మొహానికీ ఆ మనిషికీ మధ్యన నిలబడ్డాను.

"ఆయ్, పాత బండి కదండీ" అన్నాను. "కాస్త ఆగి వెళ్తాం. మీరు వెళ్ళండి బాబూ."